భ్రమరకీట న్యాయం: మట్టిగూడు, కట్టెగూడు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: పురుగు భ్రమరంగా మారుతుందన్న భావన భక్తి, వేదాంత గ్రంథాలలో ప్రసిద్ధ దృష్టాంతం. దానికి ఆధారమైన గూడు ఏ కీటకానిదో నిర్ణయించి, విశాఖపట్నంలో తుమ్మెదలపై జరిగిన పరిశోధన వెలుగులో ఆ దృష్టాంతాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలక పదాలు: భ్రమరకీట న్యాయం, భాగవతం, తుమ్మెద, కందిరీగ, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

సంస్కృత భాగవతం సప్తమ స్కంధంలో శిశుపాలుని సాయుజ్యాన్ని ధర్మరాజుకు వివరిస్తూ నారదుడు ఈ ఉపమానం చెబుతాడు. గోడలో బంధితమైన పురుగు తనను బంధించిన కీటకాన్నే భయంతో తలచి తలచి దాని రూపాన్ని పొందుతుంది. ఏకాదశ స్కంధంలో అవధూత పేర్కొన్న 24 గురువులలోనూ ఆ కీటకం ఉంది. మూలంలో దాని పేరు 'పేశస్కృత్'. పోతన తెలుగు భాగవతంలో అది 'భ్రమరం' అయింది. అమరకోశం మాత్రం మధువ్రత, మధుకర పర్యాయాలతో భ్రమరాన్ని ఒకచోట చెప్పి, కందిరీగకు వరట, గంధోలి అనే వేరు పేర్లిచ్చింది. నిఘంటువు వేరు చేసిన రెండు కీటకాలు న్యాయంలో ఒకటైపోయాయి.

2. మట్టిగూడు

గోడకు మట్టితో గూడు కట్టి అందులో పురుగును బంధించేది తుమ్మెద కాదు, కందిరీగ జాతి. ఆడ కందిరీగ గొంగళిపురుగును కుట్టి, చంపకుండా కదలలేని స్థితికి తెచ్చి గూటిలో చేరుస్తుంది; గుడ్డు పెట్టి, వాకిలి మూసి వెళ్లిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ ఆహారాన్ని తిని, కోశస్థ దశ దాటి, రెక్కలతో బయటపడుతుంది. లోపలికి పురుగు వెళ్లింది, బయటికి కందిరీగ వచ్చింది: పూర్వుల చూపు నిశితమైనదే. గోడ వెనుక జరిగినది కనబడనందువల్ల అనుమానప్రమాణం దారి తప్పింది. అరిస్టాటిల్ కూడా సాలెపురుగులను మట్టితో మూసే కందిరీగలను వర్ణించాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫాబ్ర్ 19వ శతాబ్ది చివరిలో గూళ్లను తెరిచి, గది కప్పునుంచి సన్నని తీగతో వేలాడే గుడ్డును చూపాడు.

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు. మట్టితో గూడు కట్టే ఒంటరి తేనెటీగలూ మన దేశంలో ఉన్నాయి. మెగాకైల్ లనాటా అనే ఈగ గొట్టాలలో, రంధ్రాలలో మట్టి గదులు కడుతుంది. అయితే అది నిల్వచేసేది పుప్పొడి, మకరందం మాత్రమే. కనుక గూటి మట్టి కాక, గూటిలోని ఆహారమే నిర్ణాయకం. పురుగు ఉన్న గూడు మధువ్రతానిది కాజాలదు.

3. కట్టెగూడు

తెలుగువారు గండుతుమ్మెద అని పిలిచే పెద్ద నల్లని కీటకం జైలోకోపా జాతికి చెందినది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరాగసంపర్క అధ్యయనానికి చిరకాల సంప్రదాయం ఉంది. ఆ విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.జె. సాలమన్ రాజు, సహపరిశోధకునితో కలిసి 2006లో 'కరెంట్ సైన్స్' పత్రికలో లాటిపెస్, ప్యుబెసెన్స్ అనే రెండు జాతుల గూళ్లను, ఆహారపుష్పాలను వివరించారు. ఎండిన కట్టెను దవడలతో తొలిచి ఆడ తుమ్మెద సొరంగం చేస్తుంది. పుప్పొడిముద్దపై ఒక్క గుడ్డు పెట్టి, రంపపు పొట్టువంటి కట్టెపొడితో అడ్డుగోడ కడుతుంది. ఫలదీకరణం చెందిన గుడ్డు ఆడది, చెందనిది మగది అవుతుంది. గుడ్లు తక్కువ, పరిమాణం ఎక్కువ. అందువల్ల ఒక గూడు పోతే నష్టం పెద్దది.

'గండు' శబ్దానికి మగ అని అర్థం. కావ్యాలలో తుమ్మెద పూవునుంచి పూవుకు తిరిగే నాయకుడు. కాని తొలిచేది, నింపేది, మూసేది ఆడది ఒక్కతే. కవిసమయం పూలవద్ద ఆగింది; కట్టెలోపలి శ్రమ దానికి కనబడలేదు.

4. ఉపసంహారం

న్యాయాన్ని దృష్టాంతంగా బోధించడంలో దోషం లేదు. తదేకధ్యానమే దాని తాత్పర్యం. అయితే టీకలో 'భ్రమరం' దగ్గర 'ఇక్కడ కందిరీగ' అని ఒక్కమాట చేర్చడం వ్యాఖ్యాతృధర్మం. తుమ్మెద విషయం వేరు. 1933లో తెరిచిన రేవు చుట్టూ, ఆపై ఉక్కు కర్మాగారం చుట్టూ విస్తరించిన విశాఖలో ఎండిన మాను, పాత వెదురు చెత్తగానే లెక్కకు వస్తాయి. అవి తొలగితే తుమ్మెదకు గూడు ఉండదు. తంగేడు వంటి పూల పుప్పొడిని రెక్కల కండరాల కంపనంతో రాల్చే ఈ కీటకం పదకోశంలో మిగిలి, ఊరిలో మిగలకపోతే, మన కావ్యాల తుమ్మెదను విద్యార్థికి చూపడానికి ఆధారం ఉండదు.