బరంపురం నుంచి ఓడెక్కాలంటే: బుకింగ్, రీఫండ్, తుఫాను

ఒడిశాలోని గంజాం జిల్లాకు సముద్రం ఉంది, రేవు ఉంది, ప్రయాణికుల ఓడ మాత్రం లేదు. బరంపురానికి దగ్గర్లోని గోపాలపురం రేవులో ఇప్పుడు ఎక్కేవీ దిగేవీ సరుకులే. కాబట్టి ఈ జిల్లావాళ్ళు ఓడ ప్రయాణం చేయాలంటే ముందు రైలెక్కాలి. దక్షిణాన సుమారు 275 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నానికో, ఇంకా దిగువన ఉన్న చెన్నైకో, పడమటి తీరాన ముంబైకో చేరాలి. విదేశీ క్రూయిజ్ అయితే సింగపూర్ దాకానో మయామీ దాకానో విమానంలో వెళ్ళాలి. ఓడ కంపెనీ బాధ్యత రేవులో చెక్-ఇన్ బల్ల దగ్గర మొదలవుతుంది. ఇంటికీ ఆ బల్లకూ మధ్యనున్న దూరం టికెట్టు లెక్కలోకి రాదు. గంజాం ప్రయాణికులు డబ్బు పోగొట్టుకునే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఆ దూరంలోనే.

రంగం ఓడల కాలం

ఎప్పుడూ ఇలా లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆ రోజుల్లో గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవులన్నీ స్టీమర్ల దారిలో ఉండేవి. 1856లో కలకత్తా–బర్మా మధ్య ఓడలు నడపడానికి పుట్టి, 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అని పేరు మార్చుకున్న కంపెనీ ఈ తీరంలో పెద్దది. తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కూలికీ, బియ్యం మిల్లుల్లో పనికీ రంగూన్ వెళ్ళేవాళ్ళు. ఉత్తరాంధ్ర, గంజాం పల్లెల్లో ‘రంగం వెళ్ళాడు’ అంటే ఆ ప్రయాణమే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు.

గోపాలపురంలో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. అక్కడ ఉన్నది బహిరంగ సముద్రం. స్టీమరు దూరాన లంగరు వేస్తే, మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టి చేసిన మసూలా పడవల్లో మనుషులనూ మూటలనూ అలలు దాటించేవారు. అలలు ఉధృతంగా ఉన్న రోజున ఓడ కంటికి కనిపిస్తున్నా ఎక్కే దారి ఉండదు. 1941 డిసెంబరులో రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాయి, మరుసటి మార్చిలో నగరం వాళ్ళ చేతికి చిక్కింది. లక్షలాది మంది అడవుల గుండా నడిచి స్వదేశం చేరారు. గోపాలపురం ప్రయాణికుల రేవుగా మళ్ళీ కోలుకోలేదు.

ఆ కాలపు డెక్ ప్రయాణికుడికి వాతావరణం విషయంలో ఏ రక్షణా లేదు. 1887 మే 25న కలకత్తా నుంచి ఒడిశాలోని చాంద్‌బాలీ వైపు బయలుదేరిన ‘సర్ జాన్ లారెన్స్’ అనే స్టీమరు తుఫానులో మునిగి ఏడు వందలకు పైగా జనం చనిపోయారు. వాళ్ళలో ఎక్కువ మంది పూరీ యాత్రకు వెళ్తున్న స్త్రీలు. కలకత్తాలో హుగ్లీ ఒడ్డున వారి స్మారక ఫలకం ఉంది. ఈనాడు తుఫాను ముందు ఓడను ఆపినప్పుడు, దారి మళ్ళించినప్పుడు ప్రయాణికుడికి కలిగే చిరాకు సహజమే. కానీ ఆ నిర్ణయాధికారం పూర్తిగా కెప్టెన్ చేతిలో ఎందుకు పెట్టారో చెప్పడానికి ఇలాంటి చరిత్రే ఆధారం. రీఫండ్ కోసం ఎంతైనా పోరాడవచ్చు. ఓడ ఎందుకు ఆగిందని మాత్రం పోరాడకూడదు.

గోపాలపురం 1987లో సరుకుల రేవుగా తిరిగి తెరుచుకుంది, అదీ సముద్రం నెమ్మదిగా ఉన్న నెలల్లో మాత్రమే పనిచేసే రేవుగా. తర్వాత ఏడాది పొడవునా నడిచేలా విస్తరించారు. 2013 తుఫానులో బాగా దెబ్బతిని మళ్ళీ లేచింది. 2024లో అదానీ సంస్థ చేతికి వెళ్ళింది.

అక్టోబరు లెక్క

బంగాళాఖాతంలో తుఫానులు రెండు విడతల్లో వస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి రోజుల దాకా ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండోది. గంజాం తీరాన్ని దెబ్బతీసే తుఫానుల విషయంలో అక్టోబరుకున్న చరిత్ర వేరే ఏ నెలకూ లేదు. 1999లో ఒడిశాను ముంచిన మహా తుఫానుకు పది పన్నెండు రోజుల ముందే, అక్టోబరు మధ్యలో, గోపాలపురం దగ్గర ఇంకో తీవ్ర తుఫాను తీరం దాటింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలులతో గోపాలపురం దగ్గరే ఒడ్డెక్కింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళం, గంజాం, గజపతి జిల్లాలను అతలాకుతలం చేసింది.

దసరా సెలవులు పడేది కూడా అప్పుడే. ఫైలిన్, తిత్లీ రెండూ నవరాత్రుల్లోనే వచ్చాయి. పిల్లలకు బడి ఉండదు, ఆఫీసులో సెలవు దొరుకుతుంది కాబట్టి కుటుంబాలు ఓడ ప్రయాణానికి దసరానే ఎంచుకుంటాయి. ఏడాదిలో బుకింగ్ చేయడానికి ఇంతకంటే నమ్మకం లేని వారం ఇంకోటి లేదు. సంక్రాంతి దాటిన తర్వాత, ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం చాలా నయం. అక్టోబరులోనే వెళ్ళక తప్పదంటే రీఫండ్ దొరికే రకం టికెట్టే కొనాలి, కాస్త ధర ఎక్కువైనా సరే.

జూన్ నుంచి ఆగస్టు దాకా కథ వేరు. నైరుతి రుతుపవనాల వల్ల అరేబియా సముద్రం కల్లోలంగా ఉంటుంది. ముంబై కేంద్రంగా నడిచే క్రూయిజ్ ఓడ ఆ నెలల్లో తూర్పు తీరానికి రావడానికి కారణం అదే. కార్డీలియా క్రూయిజెస్ వారి ‘ఎంప్రెస్’ 2022 జూన్ 8న విశాఖ నుంచి ప్రయాణికులతో బయలుదేరింది. 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’గా నీటిలోకి దిగి, చాలాకాలం రాయల్ కరీబియన్ సంస్థలో పనిచేసిన ఓడ ఇది. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. బరంపురం వాళ్ళకు ఇదే దగ్గరి దారి. అయితే రుతుపవనాల కాలంలో బంగాళాఖాతం ఉత్తర భాగాన అల్పపీడనాలు తరచూ ఏర్పడతాయి. ఓడ తిరగబడే ప్రమాదమేమీ ఉండదు గానీ, కడుపులో తిప్పే అలలు మాత్రం ఖాయం. కడుపు తిప్పితే రీఫండ్ రాదు.

పుదుచ్చేరిలో దిగలేనివాళ్ళు

ఆ 2022 జూన్ ప్రయాణంలోనే ఒక పాఠం దొరికింది. ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై మీదుగా తిరిగి రావాలని ప్రకటించారు. ఓడలోని క్యాసినో గురించి అభ్యంతరాలు రావడంతో పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. అక్కడ దిగుదామనుకున్నవాళ్ళు దిగలేదు. తుఫాను కాదు, గాలి కాదు, ఒక సంతకం. ప్రయాణికుడి దృష్టిలో మాత్రం ఫలితం ఒకటే: డబ్బు కట్టిన ఊరు చూడలేదు.

దాదాపు ప్రతి క్రూయిజ్ కంపెనీ ఒప్పందంలోనూ ఈ వాక్యం ఏదో రూపంలో ఉంటుంది: వాతావరణం, భద్రత, రేవు అనుమతుల కారణంగా మార్గాన్ని, వేళలను, ఆగే ఊళ్ళను మార్చే హక్కు మాకుంది. ఒక ఊరు తప్పిపోతే సాధారణంగా ఆ ఊరికి వసూలు చేసిన రేవు రుసుము, ఓడవాళ్ళ ద్వారా కొన్న విహారయాత్ర టికెట్టు డబ్బు మాత్రమే తిరిగొస్తాయి. మొత్తం ఛార్జీలో భాగం రాదు. బయటి ట్రావెల్ ఏజెంటు దగ్గర విడిగా బుక్ చేసుకున్న కారూ హోటలూ ఆ ఏజెంటు షరతుల ప్రకారమే. అందుకే ఏదో ఒక ఊరు చూడటమే అసలు కోరికైతే, ఆ ఊరికి రైల్లో వెళ్ళడమే తెలివైన పని.

కంపెనీయే మొత్తం ప్రయాణాన్ని రద్దు చేస్తే పరిస్థితి ప్రయాణికుడికి అనుకూలం. పూర్తి వాపసు, లేదా మరో తేదీకి మార్పు, లేదా తర్వాతి ప్రయాణానికి క్రెడిట్ ఇవ్వజూపుతారు. క్రెడిట్ తరచూ కాస్త పెంచి ఇస్తారు, చూడటానికి ఆశగా ఉంటుంది. దానికి గడువు ఉంటుంది, తర్వాతి ధర పెరిగితే తేడా కట్టాల్సి వస్తుంది. ఏడాదిలోపు మళ్ళీ సెలవు దొరుకుతుందన్న నమ్మకం లేని ఉద్యోగి డబ్బే అడగడం మంచిది. అలా అడిగినట్టు ఈమెయిల్‌లో ఉండాలి. ఫోన్లో ‘సరే’ అంటే క్రెడిట్‌కు ఒప్పుకున్నట్టు రాసుకోవచ్చు.

ప్రయాణికుడే రద్దు చేసుకుంటే మెట్లు మెట్లుగా కోత పడుతుంది. బయలుదేరే తేదీ దగ్గరపడే కొద్దీ కోత పెరిగి, చివరి రోజుల్లో దాదాపు మొత్తం పోతుంది. తుఫాను హెచ్చరిక చూసి భయపడి, కంపెనీ ఇంకా ఏమీ ప్రకటించకముందే రద్దు చేసుకున్నవాళ్ళు ఈ కోతలోనే ఇరుక్కుంటారు. రెండు రోజులు ఓపిక పట్టి ఉంటే కంపెనీయే రద్దు చేసి పూర్తి డబ్బు ఇచ్చేదేమో. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. ఒకటో నంబరు అంటే సముద్రంలో ఎక్కడో దూరాన వాయుగుండం ఉందని మాత్రమే. దాన్ని టీవీలో చూసి టికెట్టు రద్దు చేసుకోవాల్సిన పనిలేదు. నంబరు పెరిగి తుఫాను ఆ రేవు వైపే వస్తుంటే మాత్రం ఓడలను రేవులో ఉంచరు, సముద్రంలోకి పంపేస్తారు. కట్టేసిన ఓడ గట్టుకు కొట్టుకుంటుంది. బయట నీళ్ళలో అది తప్పుకుని తిరగగలదు. ఓడ చెప్పిన వేళకు రాకపోవడానికీ, ముందే వెళ్ళిపోవడానికీ సాధారణంగా ఇదే కారణం.

రైలు ఆగి ఓడ కదిలితే

గంజాం ప్రయాణికుడి అసలు కష్టం ఇక్కడుంది. తిత్లీ వచ్చిన రాత్రి ఖుర్దా రోడ్, విజయనగరం మధ్య రైళ్ళు ఆపేశారు. 2019 మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటినప్పుడు తూర్పు కోస్తా రైల్వే వందకు పైగా రైళ్ళను రద్దు చేసింది. హుద్‌హుద్ ధాటికి విశాఖ విమానాశ్రయం పైకప్పే ఎగిరిపోయింది. తుఫాను ఒడిశా వైపు వెళ్తే విశాఖలో ఎండ కాయవచ్చు, చెన్నైలో సముద్రం ప్రశాంతంగా ఉండవచ్చు. ఓడ వేళకు కదులుతుంది. బరంపురం స్టేషన్లో సూట్‌కేసుతో నిలబడ్డ కుటుంబాన్ని కంపెనీ లెక్కల్లో ‘హాజరు కానివారు’ అంటారు, అంటే రూపాయి కూడా తిరిగి ఇవ్వనక్కర లేదని.

రైల్వే మాత్రం తన వంతు ఇస్తుంది. రైలు రద్దయితే ఛార్జీ మొత్తం వాపసు. ఆన్‌లైన్ టికెట్టుకు అడగకుండానే ఖాతాలో పడుతుంది. మూడు గంటలకు మించి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే టీడీఆర్ (టికెట్ డిపాజిట్ రసీదు) వేసి పూర్తి మొత్తం అడగవచ్చు. కొన్ని వందల రూపాయలు వెనక్కి వస్తాయి, ఓడకు కట్టిన వేలు పోతాయి.

దీనికి మందు ఒకటే, ముందు రోజే రేవు ఊరు చేరడం. విశాఖకు రైల్లో నాలుగైదు గంటలే కదా, పొద్దున బయలుదేరి మధ్యాహ్నం ఎక్కేద్దాం అనే లెక్క మామూలు రోజుల్లో సరిపోతుంది, అక్టోబరులో సరిపోదు. తుఫాను సూచన ఉంటే రెండు రోజుల ముందు వెళ్ళాలి. లాడ్జి ఖర్చు ఓడ టికెట్టులో చిన్న భాగం. తిరిగొచ్చే రైలును కూడా ఓడ దిగే రోజుకే కాకుండా మర్నాటికి పెట్టుకోవాలి.

విశాఖ నుంచి అండమాన్‌కు వెళ్ళే ప్రభుత్వ ఓడల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. అవి విహార నౌకలు కావు, ద్వీపవాసుల రవాణా సాధనాలు. బంక్ తరగతి నుంచి డీలక్స్ క్యాబిన్ దాకా ఉంటాయి, ప్రయాణం రెండు రోజులు దాటుతుంది, తేదీలు కొద్ది వారాల ముందే తెలుస్తాయి, వాతావరణాన్ని బట్టి మారతాయి. తిరుగు విమానం టికెట్టు ముందే కొని పెట్టుకుంటే ఓడ ఆలస్యం దాన్ని మింగేస్తుంది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి, అక్కడ క్రూయిజ్ ఎక్కే తల్లిదండ్రులు బరంపురం తెలుగు ఇళ్ళలో కూడా ఉంటారు. అక్కడి నియమం స్పష్టం: ఓడ రద్దయినా, బయలుదేరడం మూడు రోజులు అంతకు మించి ఆలస్యమైనా ఫెడరల్ మారిటైమ్ కమిషన్ నిబంధనల ప్రకారం డబ్బు వాపసు అడగవచ్చు. యూరప్ చట్టంలో వాతావరణం వల్ల ఆలస్యమైతే పరిహారం ఉండదు గానీ, కంపెనీ రద్దు చేస్తే డబ్బు వాపసు ఇవ్వాల్సిందే. అయితే వ్యాజ్యం ఎక్కడ వేయాలన్నది టికెట్టులో రాసి ఉంటే దాన్నే పాటించాలని అమెరికా సుప్రీంకోర్టు 1991లో కార్నివాల్ క్రూయిజ్ లైన్స్ కేసులో తీర్పిచ్చింది. ఆ కేసు వేసిన వాషింగ్టన్ రాష్ట్రపు దంపతులు తమ వ్యాజ్యాన్ని ఫ్లోరిడాలోనే వేయాలని దాని అర్థం. 2017 ఆగస్టులో హార్వే తుఫానుకు టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు మూతపడితే, అక్కడ దిగాల్సిన కార్నివాల్ ఓడలు న్యూ ఆర్లీన్స్ వైపు మళ్ళాయి. కారు ఒక ఊళ్ళో, మనిషి మరో ఊళ్ళో.

బీమా, ఫిర్యాదు

ప్రయాణ బీమాను టికెట్టు కొన్న రోజే కొనాలి. తుఫానుకు పేరు పెట్టాక, వార్తల్లోకి వచ్చాక కొన్న పాలసీ ఆ తుఫానుకు వర్తించదు. అప్పటికే తెలిసిన ప్రమాదమని బీమా కంపెనీ తోసిపుచ్చుతుంది. పాలసీలో చూడాల్సింది ఆసుపత్రి మొత్తం ఒక్కటే కాదు. రేవుకు తెచ్చే రైలో విమానమో ఆగి ఓడ తప్పితే చెల్లిస్తారా అన్న వాక్యం ఉందో లేదో వెతకాలి. క్లెయిమ్ తిరస్కరించినా, నెల రోజులు జవాబివ్వకపోయినా భువనేశ్వర్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా రాయవచ్చు.

రీఫండ్ ఇవ్వాల్సి ఉండీ కంపెనీ ఇవ్వకపోతే ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయాలి. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. కంపెనీ కార్యాలయం ముంబైలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోటనే కేసు వేయవచ్చని ఆ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. అంటే గంజాం వాసికి బరంపురంలోని జిల్లా కమిషన్ చాలు. 50 లక్షల దాకా చెల్లించిన సేవలు దాని పరిధిలోకి వస్తాయి, 5 లక్షల దాకా ఫీజు లేదు. వివాదం పుట్టిన రెండేళ్ళలో వేయాలి, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. డబ్బు కోత షరతే అన్యాయమని, ఒప్పందం మొత్తం ఏకపక్షమని వాదించదలిస్తే అది కటక్‌లోని రాష్ట్ర కమిషన్ వినాల్సిన కేసు. ఫిర్యాదుతో బుక్ చేసిన రోజున ఉన్న షరతుల పేజీ ప్రతి, డబ్బు కట్టిన రసీదు, రద్దు సమాచారం వచ్చిన ఈమెయిల్, ఆ రోజు వాతావరణ శాఖ బులెటిన్, రైల్వే రద్దు సందేశం జతచేయాలి. షరతుల పేజీని కంపెనీలు తర్వాత మార్చేస్తుంటాయి కాబట్టి దాన్ని డబ్బు కట్టిన రోజే ఫోనులో భద్రపరచుకోవాలి.