ఈడు దాటినవారికి చదువు

1881వ సంవత్సరం డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించిన కథ తెలుగు ఇండ్లలో చాలమందికి తెలిసినదే. వీధిలో కాపలా నిలిచిన విద్యార్థులను గురించి, పీఠాధిపతుల బహిష్కారాన్ని గురించి మన పిల్లలు బడిలోనే చదువుకొంటారు. అయితే పెండ్లి ఒక్క రాత్రితో ముగుస్తుంది. మరునాడు ఆ దంపతులకు అన్నం వండి పెట్టేది ఎవరు? వంటవారు మానివేసినారు. నీళ్లు మోసేవారు మానివేసినారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చి, వండి, వడ్డించినారు. చరిత్రకారులు పంతులుగారి ఉపన్యాసాలకు ఇచ్చినంత చోటు ఆ బిందెకు ఇవ్వలేదు. దిక్కులేని వారిని ఆదుకొనే పని మన దేశంలో ఎక్కడ మొదలైనా, మొట్టమొదట ఎవరో ఒక ఇల్లాలి వంటింటిలోనే మొదలైనది.

కాని అన్నం పెట్టడంతో పని తీరదు. 1856వ సంవత్సరపు చట్టం వితంతువు మరల పెండ్లాడవచ్చునని ఒప్పుకొన్నది. ఒప్పుకొంటూనే, పెండ్లాడినచో మొదటి భర్త ఆస్తిపై ఆమెకున్న హక్కు పోతుందని కూడ చెప్పినది. పెండ్లాడని ఆమెకు ఉమ్మడి కుటుంబంలో దక్కేది సాధారణంగా మనోవర్తి మాత్రమే. అదైనా ఇచ్చేవారి దయను బట్టి ఉండేది. ఇక పెండ్లి అందరికీ మందు కాజాలదు. కొందరికి చంకలో బిడ్డలు ఉండిరి. కొందరు మరల పెండ్లికి ఇష్టపడలేదు. కొందరిని అడిగి వచ్చిన వరుడే లేడు. అటువంటి వారి కొరకు పంతులుగారు వితంతు శరణాలయం పెట్టినారు. సంతానం లేని ఆ దంపతులు 1906లో హితకారిణీ సమాజాన్ని నెలకొల్పి, తమకున్న యావదాస్తినీ దానికి ధారపోసినారు. రచనల వలన, ముద్రణ వలన కూడబెట్టిన సొమ్ము, ఇండ్లు, తోట అన్నీ దాని పాలైనవి. 1874లోనే ధవళేశ్వరంలో బాలికలకు బడి తెరచిన పంతులుగారికి శరణాలయంలో చదువు ఉండవలెనని ఎవరూ చెప్పనక్కరలేదు.

గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు, వారి భార్య లక్ష్మీబాయమ్మగారు అదే త్రోవ పట్టినారు. 'మాలపల్లి' నవలా రచయితగా ఉన్నవవారిని ఎరిగినవారు అనేకులు. ఆ నవల వెలువడిన 1922లోనే ఆ దంపతులు శారదానికేతనాన్ని స్థాపించినారని తలచుకొనేవారు తక్కువ. అక్కడ వితంతువులు, నిరుపేద బాలికలు చేరి, తెలుగు సంస్కృతాలలో భాషా పరీక్షలకు చదివినారు; కుట్టుపని వంటి చేతిపనులు నేర్చినారు. భాషా పరీక్షలను ఎన్నుకొనడంలో ఒక యుక్తి కలదు. అవి ఇంగ్లీషు అక్కరలేని పరీక్షలు. అందులో నెగ్గిన ఆమె బాలికల బడిలో తెలుగు పండితురాలిగా కుదురుకొనవచ్చును.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. కోస్తాలో తొలినాటి శరణాలయాల తలుపు తట్టినవారిలో అధికులు అగ్రవర్ణాల ఆడపడుచులే. వితంతువు మరల పెండ్లాడరాదన్న కట్టడి ఆ కులాలలోనే బిగువుగా ఉండుట చేత అది కొంతవరకు సహజమే. కాని ఆకలి, నిరక్షరాస్యత ఆ కులాలకే పరిమితమైనవి కావు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, 1910 మొదలు దళిత బాలబాలికలకు బడులు తెరపించినారు. ఆడపిల్లలను దేవతల పేరిట అంకితమిచ్చే జోగిని ఆచారాన్ని ఎదిరించినారు.  

ఈ ప్రయత్నాలన్నిటికీ ఒక చిక్కు పదే పదే అడ్డు వచ్చినది. అది సొమ్ముకు సంబంధించినది కాదు, వయస్సుకు సంబంధించినది. బడి అనేది ఐదారేండ్ల పిల్లవానిని దృష్టిలో పెట్టుకొని కట్టిన నిచ్చెన. ఏటికొక మెట్టు ఎక్కవలెను. ఏ కారణం చేతనైనా మూడవ మెట్టు మీద దిగిపోయిన పిల్ల, పదేండ్ల తరువాత తిరిగి వస్తే ఎక్కడ నిలబడాలి? ఎనిమిదేండ్ల పిల్లల నడుమ పద్దెనిమిదేండ్ల యువతిని కూర్చోబెట్టుట అవమానం. పోనీ ఆమె అవమానాన్ని దిగమింగుకొన్నదే అనుకొందాము. మెట్టుకొక ఏడు చొప్పున ఎక్కి పరీక్ష చేరేసరికి ఆమెకు ఇరువదియైదు దాటుతుంది. అంతవరకు అన్నం పెట్టేది ఎవరు? శిక్షణ పాఠశాలలేమో ఎనిమిదవ తరగతి, మెట్రిక్ అని యోగ్యతలు అడుగుతవి. శరణాలయంలోని అనేకుల బ్రతుకు ఇక్కడనే ఆగిపోయేది. పుట్టింటి వంటగదిలో నుండి శరణాలయపు వంటగదిలోనికి మారుటే వారికి మిగిలేది.

ఈ చిక్కును గ్రంథాలలో చదివి గాక, స్వయంగా అనుభవించి తెలుసుకొన్నవారు దుర్గాబాయిగారు. వారు 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో పుట్టి, కాకినాడలో పెరిగినారు. ఎనిమిదేండ్ల వయస్సులో పెండ్లి జరిగినది. ఊహ తెలిసిన తరువాత ఆ వివాహంతో తమకు నిమిత్తం లేదని భర్తకు నచ్చజెప్పి, ఆయనను మరల పెండ్లాడుమని కోరినారు. ఆయన కాదనలేదు. బడిలో ఇంగ్లీషు పెత్తనాన్ని నిరసించి చదువు మానినారు. 1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చినపుడు, దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు ఆయన మాట వినవలెనని పట్టుపట్టి ప్రత్యేకంగా సభ ఏర్పాటు చేయించిన బాలిక ఆమెయే. అప్పటికి ఆమెకు పండ్రెండేండ్లు నిండలేదు. ఇంటిలోనే బాలికలకు హిందీ పాఠశాల నడపినారు. ఉప్పు సత్యాగ్రహంలో దిగి 1930–33 సంవత్సరాల మధ్య జైళ్లలో గడపినారు.

జైలు జీవితమే ఆమె త్రోవను మార్చినది. మధుర జైలులో హత్యానేరాలకు శిక్షపడిన స్త్రీల సమీపంలో ఆమెను ఉంచినారు. వారి కథలు వినగా, న్యాయస్థానంలో తమను ఏమి అడిగినారో, తామేమి చెప్పినామో కూడ ఎరుగని అమాయకురాండ్రు వారిలో ఉన్నారని తెలిసినది. న్యాయశాస్త్రం చదువవలెనని అక్కడ నిశ్చయించుకొన్నారు. అయితే న్యాయశాస్త్రానికి పట్టం కావలె, పట్టానికి మెట్రిక్ కావలె. ఇరువదేండ్లు దాటి, బడి మానివేసి ఎన్నో ఏండ్లు గడచిన ఆమెకు నిచ్చెన మొదటి మెట్టునుండి ఎక్కే తీరిక లేదు. బడిలో చేరకయే వ్రాయదగిన కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షకు ఇంటివద్దనే చదివి నెగ్గినారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోగా ఆడపిల్లలకు వసతిగృహం లేదన్నారు. ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. దుర్గాబాయిగారు చదువదలచిన బాలికలను కొందరిని పోగుచేసి, తామే వసతి ఏర్పరచుకొని, ఇక కాదనడానికి కారణం లేకుండ చేసినారు. రాజనీతి శాస్త్రంలో ఆనర్సు పట్టం, ఆపైన మదరాసులో 1942లో న్యాయశాస్త్ర పట్టం పొందినారు.

ఇది ఒక అసాధారణ వ్యక్తి పట్టుదల. అందరికీ అంత పట్టుదల ఉండవలెననుట న్యాయం కాదు. దుర్గాబాయిగారి గొప్పతనం తాము ఎక్కిన దొడ్డిదారిని తమతోనే మూసివేయక, దానిని ఇతరులకు రాచబాటగా చేయబూనుటలో కలదు. 1937లో మదరాసు మైలాపూరులో తెలుగు బాలికలను చేర్చి 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అనే పిల్లల సంఘం పెట్టినారు. పిల్లల వెంట తల్లులు వచ్చినారు, తల్లుల వెంట ఇరుగుపొరుగు వారు వచ్చినారు. అదియే ఆంధ్ర మహిళాసభగా పెరిగినది. భర్త విడిచిపెట్టినవారు, వితంతువులు, చదువు నడుమ ఆగిపోయినవారు అక్కడ చేరి, దుర్గాబాయిగారు వ్రాసిన కాశీ మెట్రిక్ పరీక్షకే కొద్ది కాలంలో సిద్ధమైనారు. చేతిపనుల శిక్షణ, శిశువులకు బడి, వైద్యశాల ఒక్కొక్కటే వచ్చి చేరినవి. తల్లి చదువుకొంటున్నంత సేపు బిడ్డను చూచేది ఎవరన్న ప్రశ్నకు జవాబు చెప్పని సంస్థ తల్లికి చదువు చెప్పలేదు. ఈ సంగతి పురుషులు నడిపిన సంఘాలకు ఆలస్యంగా తట్టినది.

1941లో దుర్గాబాయిగారి మాజీ భర్త మరణించినారు. ఆయన రెండవ భార్యకు నిలువ నీడ కరువైనది. ఆమె వచ్చి చేరినది దుర్గాబాయిగారి చెంతకే. ఆమె మహిళాసభలో చేతిపని నేర్చి, తరువాత హైదరాబాదులో ఒక హస్తకళల శిక్షణ సంస్థలో ఉపాధ్యాయిని అయినది. బంధుత్వాలకు మనకున్న పేర్లలో ఈ ఇద్దరి బంధుత్వానికి తగిన పేరు లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన పిదప ఈ పని దేశవ్యాప్తమైనది. దుర్గాబాయిగారు 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలైనారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి తొలి అధ్యక్షురాలైనారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయానికి నాలుగు కోట్ల రూపాయలు కేటాయించినారు. అనాథ బాలుర ఆశ్రమాలు, అంధుల బడులు, స్త్రీ సదనాలు చందాలపైననే గాక ప్రభుత్వ గ్రాంటుపై కూడ ఆధారపడగలిగినవి. 1954 నుండి గ్రామాలలో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలైనవి; ఒక్కొక్కటి సుమారు 25 గ్రామాలకు బాలవాడి, ప్రసూతి సహాయం, చేతిపని, వయోజన విద్య అందించవలెను.

అప్పుడు ఒక వింత బయటపడినది. బాలవాడి నడపడానికి, కాన్పులు చూడడానికి, చదువు చెప్పడానికి పల్లెలకు స్త్రీలు కావలెను. పరీక్ష నెగ్గిన పట్నపు యువతులు పల్లెకు పోమన్నారు. పల్లెలో ఉండి ఆ పని చేయడానికి సిద్ధంగా ఉన్న వితంతువులకు, భర్త విడిచిన స్త్రీలకు పరీక్ష లేదు. ఒకవైపు మనిషి లేని ఉద్యోగం, ఇంకొకవైపు ఉద్యోగం లేని మనిషి, నడుమ ఒక కాగితం. మదరాసులో మహిళాసభ చేసి చూపిన పద్ధతినే మండలి 1958లో దేశమంతటికీ పథకంగా విస్తరింపజేసినది. అనేక సంవత్సరాల చదువును సుమారు రెండేండ్లకు కుదించి, ఈడు దాటిన స్త్రీలను పరీక్షకు సిద్ధపరచే ఈ 'కండెన్స్డ్ కోర్సు'ను స్వచ్ఛంద సంస్థలే నడపగా, ఖర్చుకు మండలి గ్రాంటు ఇచ్చేది. వసతి, భోజనం కూడ అందులో భాగమే.

రెండేండ్లలో ఇంగ్లీషు, లెక్కలు పట్టుపడుట సులభం కాదు. ఇంటిలో జబ్బు పడినవారి కబురు వస్తే నడుమనే వెళ్లిపోక తప్పని స్థితి వారిది. పరీక్ష నెగ్గినా, ఆవల శిక్షణకో ఉద్యోగానికో దారి చూపని చోట ఆ కాగితం పెట్టెలోనే ఉండిపోతుంది. పథకం ఏ సంస్థ చేతిలో పడినదన్న దానిని బట్టి ఫలితం ఉంటుంది. అయినప్పటికీ ఆ పథకంలోని మూలభావన నాకు చాల విలువైనదిగా తోస్తున్నది. పోగొట్టుకొన్న ఏండ్లకు శిక్షగా మరల అన్ని ఏండ్లు కట్టుమని అది అడుగలేదు.

1981 మే 9న దుర్గాబాయిగారు గతించినారు. 1953లో చైనా పర్యటన నుండి తిరిగి వచ్చి, కుటుంబ తగాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు కావలెనని వారు చేసిన సూచన 1984లో గాని చట్టం కాలేదు.

వయస్సు మించినవారి సమస్య మాత్రం అంతటితో తీరలేదు. ఈసారి అది పసిపిల్లల రూపంలో ముందుకు వచ్చినది. రంగారెడ్డి జిల్లా గ్రామాలలో అప్పు క్రింద ఆసాముల వద్ద జీతం కుదిరిన బాలురు పశువులు కాచేవారు, బాలికలు పొలం పనికి పోయేవారు. వెట్టిచాకిరీని 1976 చట్టం నిషేధించినను పిల్లల జీతాలు ఆగలేదు. చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరిట వెలసిన సంస్థ, ఆయన మనుమరాలు శాంతా సిన్హాగారి నాయకత్వాన, 1991 మొదలు ఆ పిల్లలను పని మాన్పించి బడికి పంపే పనికి పూనుకొన్నది. ఊరి యువకులే ఇల్లిల్లూ తిరిగినారు, తల్లిదండ్రులను బ్రతిమాలినారు, ఆసాములతో కూర్చుండి మాట్లాడినారు. ఉపాధ్యాయులు, పంచాయతీ సభ్యులు కలిసివచ్చినారు. పేదరికం చేతనే పిల్లలు పనికి పోతున్నారన్న వాదానికి వారి జవాబు సూటియైనది: బడిలో ఉండని ప్రతి బిడ్డా పనిలో ఉన్నట్లే లెక్క, తల్లిదండ్రులకు చదివించాలనే ఉన్నది, దారి చూపేవారే లేరు.

ఒప్పించి తెచ్చిన పదేండ్ల పిల్లవానిని ఒకటవ తరగతిలో కూర్చోబెట్టితే వారం దినాలలో పారిపోతాడు. అందుచేత ముందుగా శిబిరాలలో కొన్ని మాసాలు ఉంచి, ఆటపాటలతో మొదలుపెట్టి, అతని ఈడు పిల్లలు చదివే తరగతికి సరిపడునట్లు తయారుచేసి, ఆపైన బడిలో చేర్పించినారు. దీనికి 'బ్రిడ్జి కోర్సు' అని పేరు. అప్పుడు మదరాసులో యువతులకు చేసినదీ, ఇప్పుడు రంగారెడ్డిలో గొడ్లు కాచే బాలునికి చేసినదీ ఒకే ఉపాయం. ఒకరిని చూచి ఒకరు నేర్చినారని నేను అనను. ఒకే గోడ ఎదురైనపుడు ఇద్దరూ ఒకేచోట తలుపు తీసినారు. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారం లభించినది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి ఆమెయే తొలి అధ్యక్షురాలు.

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టంలో నాలుగవ సెక్షను చిన్నదే. ఆరేండ్లు దాటియు బడిలో చేరని, లేక చదువు నడుమ ఆగిన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చుకొనవలెను. తోటివారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వవలెను. చదువు ముగియకముందే పదునాలుగేండ్లు నిండినను, ముగిసేవరకు ఉచితంగానే చదువనీయవలెను.