టైటానియము – ఆమ్లజని

విరిగిన ఎముకను నిలుపుటకు వైద్యులు లోహపు పలకలను, మరమేకులను అమర్చుదురు. అరిగిపోయిన తుంటికీలునకు బదులుగా తొడయెముకలో లోహపు కాడను దించుదురు. ఇట్టి పనులకు నేడు విరివిగా వాడబడు లోహములలో టైటానియము ఒకటి. ఇది శరీరద్రవములలో తుప్పుపట్టదు; ఉక్కుకంటె చాల తేలిక. అయితే టైటానియపు మరమేకు ఎంత బరువును ఓర్చును, వంగునా, విరుగునా అను విషయము చాలవరకు అందులో కరగియున్న కొద్దిపాటి ఆమ్లజనిపై ఆధారపడి యుండును. మనము పీల్చు ప్రాణవాయువే ఈ ఆమ్లజని. దీనికిని ఈ లోహమునకును గల సంబంధము తేటపడుటకు నూటయేబది యేండ్లకు పైగా పట్టినది.

పేరు ముందు, లోహము తరువాత

1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమలో విలియం గ్రెగర్ అను మతాచార్యుడు నల్లని ఇసుకను పరీక్షించి, అందులో అంతవరకు తెలియని లోహపు ఆక్సైడు కలదని గ్రహించెను. మన శ్రీకాకుళము తీరపు నల్లయిసుకలోను ఇట్టి ఖనిజమే కలదు. 1795లో జర్మను రసాయనవేత్త క్లాప్రోత్ రూటైలు అను ఖనిజములో ఈ మూలకమునే కనుగొని, గ్రీకు పురాణములలోని టైటానుల పేర దీనికి టైటానియము అని పేరిడెను.

పేరు దొరకినది గాని లోహము దొరకలేదు. ఇనుప ఖనిజమును బొగ్గుతో కాల్చిన ఇనుము వచ్చును. టైటానియపు ఖనిజమును అట్లు కాల్చిన కార్బైడు మిగులును. పైగా బాగుగా కాగిన టైటానియము గాలిలోని ఆమ్లజనిని, నత్రజనిని తనలోనికి పీల్చుకొనును. 1910లో అమెరికాలో మాథ్యూ హంటర్ టైటానియము క్లోరైడును సోడియముతో కలిపి, గాలి చొరని ఉక్కుపాత్రలో వేడిచేసి లోహమును రాబట్టెను. అది ఎఱ్ఱగా కాల్చినపుడు సాగెడిది. చల్లారిన పిదప పెళుసుగా ఉండెడిది. ఆ పెళుసుదనము టైటానియమునకు సహజగుణమా?

కాదని 1925లో హాలెండు దేశీయులైన వాన్ ఆర్కెల్, డి బోర్ నిరూపించిరి. టైటానియము అయొడైడు ఆవిరిని కాగిన సన్నని తీగపై విడగొట్టి వారు పరిశుద్ధమైన లోహమును సంపాదించిరి. అది చల్లగా నున్నప్పుడును వంగెను, సాగెను. కాగా తప్పు లోహమునది కాదు; అందు చేరిన అన్యపదార్థములది. తరువాత లక్సెంబర్గుకు చెందిన విల్‌హెల్మ్ క్రోల్ సోడియమునకు మారుగా మెగ్నీషియమును వాడి, ఆర్గాన్ వాయువు రక్షణలో లోహమును తయారుచేయు పద్ధతిని రూపొందించెను. 1948 నాటికి అమెరికాలో టైటానియము అమ్మకమునకు వచ్చినది.

మోతాదు లెక్క

పరిశుద్ధ లోహము చేతికి రాగానే పరిశోధకులు దానిలో ఆమ్లజనిని తూచి కలుపసాగిరి. 1949లో జాఫీ, క్యాంప్‌బెల్, 1950లో ఫిన్లే, స్నైడర్ ప్రకటించిన పరిశోధనలు ఈ సంగతిని స్పష్టపరచినవి: ఆమ్లజని పెరిగినకొలది లోహపు బలము పెరుగును, సాగుగుణము తగ్గును. ఇనుమును కర్బనము ఉక్కుగా గట్టిపరచునట్లే ఇదియు.

కారణ మేమి? లోహము వంగునపుడు దాని స్ఫటికములలోని పరమాణువుల వరుసలు ఒకదానిపై నొకటి జారును. ఆమ్లజని పరమాణువు చిన్నది. టైటానియము పరమాణువుల నడిమి సందులలో ఇరుకుకొని ఆ జారుడును అడ్డగించును. జారుట కష్టమైనకొలది లోహము గట్టిపడును, జారలేనిచో పగులును.

ఇదే కాలమున వైద్యులును ఈ లోహముపై దృష్టి నిలిపిరి. 1951లో లెవెంథాల్ దీనిని శస్త్రచికిత్సకు తగిన లోహముగా సూచించెను. స్వీడనులో బ్రానెమార్క్ కుందేలు ఎముకలో అమర్చిన టైటానియము ఎముకతో ఏకమగుటను చూచి, 1965లో రోగి దవడలో టైటానియపు దంతమూలములను నాటెను.

నేటి అమెరికా ప్రమాణములు శస్త్రచికిత్సకు వాడు మిశ్రము లేని టైటానియమును నాలుగు తరగతులుగా విభజించినవి. మొదటిదానిలో ఆమ్లజని నూటికి 0.18 పాళ్లు మించరాదు; నాల్గవదానిలో 0.40 వరకు ఉండవచ్చును. మొదటిది కనీసము 240 మెగాపాస్కల్ లాగుడును, నాల్గవది 550 మెగాపాస్కల్ లాగుడును ఓర్వవలెను. అయితే తెగుటకు ముందు మొదటిది నూటికి 24 పాళ్లు సాగవలెను. రెండవదానికి 20, మూడవదానికి 18, నాల్గవదానికి 15 చాలును.

ఎక్కువ బరువు మోయు తుంటికాడలకు నూటికి 6 పాళ్లు అల్యూమినియము, 4 పాళ్లు వనాడియము గల మిశ్రలోహమును వాడుదురు. దీని సాధారణ రకములో ఆమ్లజని 0.20 పాళ్ల వరకు ఉండవచ్చును. మిక్కిలి శుద్ధమైన రకములో 0.13 పాళ్లు మించరాదు. ఇచట బలమును కొంత వదలుకొనుట బుద్ధిపూర్వకముగనే. నడచువాని తుంటి ఏడాదికి లక్షలసార్లు బరువును మోసి దింపును. చిన్న పగులు త్వరగా పెరుగని లోహమే అక్కడ క్షేమము. కాడ విరిగినచో రోగికి మరల శస్త్రచికిత్స తప్పదు.

ఒక్కమారు కరగిన ఆమ్లజనిని శూన్యములో కాచి వెడలగొట్ట వీలులేదు. ఉదజని నైనచో అట్లు తీసివేయవచ్చును. అందుచే టైటానియపు పొడిని పొరలుపొరలుగా కరగించి అవయవములను ముద్రించు నేటి కర్మాగారములలో, వాడగా మిగిలిన పొడి పీల్చుకొన్న ఆమ్లజనిని కొలిచిన పిదపనే దానిని మరల వాడుదురు.

విద్యార్థులు ఇంకొక సంగతి గమనింపవలెను. టైటానియము తుప్పుపట్టకుండుటకు కారణము దాని పైతలమున క్షణములో ఏర్పడు పలుచని ఆక్సైడు పొర. ఆ పొరయు ఆమ్లజని చేసినదే. పైన కవచమై కాచు మూలకమే లోపల మోతాదు మించిన పగులు తెచ్చును. లోహమునకు అది మేలో కీడో నిర్ణయించునది అది ఉన్న చోటు, ఉన్న పరిమాణము.