కలివి కోడి – ప్రభుత్వ సంరక్షణ

కలివి కోడి ఆంధ్రప్రదేశ్‌లోని కడప ప్రాంతపు ముళ్లపొదల అడవుల్లో, తూర్పు కనుమల దిగువన, రాత్రిపూట మాత్రమే సంచరించే నేల పక్షి. జెర్డన్ సేకరించిన నమూనా ఆధారంగా 1848లో బ్లైత్ దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిందనుకున్న ఈ పక్షిని 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు, స్థానిక వేటగాళ్ల సాయంతో, రెడ్డిపల్లి సమీపంలో మళ్లీ గుర్తించారు. పండితులు లేదనుకున్న పక్షిని ఊరివారు ఎరిగే ఉన్నారన్నది గమనార్హం.

ఆ వెంటనే, 1988లో, సుమారు 464 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అభయారణ్యం అంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రకటించిన రక్షిత ప్రాంతం; అందులో వేట నిషిద్ధం కాగా, జీవుల ఆవాసానికి నష్టం కలిగించే పనులకు ముందస్తు అనుమతి తప్పనిసరి. కలివి కోడి ఈ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ పొందే జీవుల జాబితాలో ఉంది. కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు నిధులిచ్చే జాతి పునరుద్ధరణ పథకంలోనూ దీనికి చోటు దక్కింది.

అయినా 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం పక్షి తిరిగే చోట్లనే దెబ్బతీసింది. వివాదం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లగా, చివరికి కాలువ దారి మార్చి, ఆవాసం కోసం అదనపు భూమిని సేకరించవలసి వచ్చింది. సాగునీటి పథకాన్ని పక్కకు జరిపించిన పక్షులు దేశంలో అరుదు.

దీని ఉనికిని కనిపెట్టడం నిర్వహణలో అన్నిటికన్నా కష్టమైన పని. కంటికి చిక్కదు కనుక పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక వెనుక వేలు లేని మూడు వేళ్ల అడుగుజాడల కోసం వెతుకుతారు. పొద్దుగూకిన కాసేపటికి, కొద్ది నిమిషాలపాటే వినిపించే కూతను రికార్డు చేసి, దాన్నే వినిపించి బదులు కోసం కాచుకుంటారు. ఈ పద్ధతులతో జరిపిన అధ్యయనాల్లో తేలిన అంశం, హెక్టారుకు సుమారు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోటే ఇది ఎక్కువగా కనిపిస్తుందని. మేకలు మరీ ఎక్కువగా మేసినా, కట్టెలు విపరీతంగా కొట్టినా పొదలు పోతాయి. ఆ రెండూ పూర్తిగా ఆగిపోతే పొదలు దట్టమై పక్షి తిరగడానికి జాగా ఉండదు. కాబట్టి కంచె వేసి కాపలా పెట్టడాన్నే సంరక్షణగా భావించే అలవాటు ఇక్కడ చాలదు. మితమైన మేతను శాస్త్రీయంగా నియంత్రించడమే అటవీశాఖ చేయవలసిన పని. అభయారణ్యం వెలుపల ఉన్న ముళ్లపొదల నేలలను బంజరుగా లెక్కగట్టి సాగుకు మళ్లించడం ఆపనంతవరకు ఈ రక్షణ సగమే.