బారామహలు పన్నెండు కోటలు: అన్నింటినీ చూచే అభిరుచి

కొండకోటలను ఒక్కొక్కటిగా ఎక్కి చూచి, చూచినవాటిని తేదీతో సహా వ్రాసుకొని, పట్టికలోని కోటలన్నింటినీ పూర్తిచేయుట ఒక అభిరుచి. బెంగుళూరు చుట్టుప్రక్కల సావనదుర్గం, నందిదుర్గం, మాకళిదుర్గం మొదలైన తొమ్మిది కోటలకు నవదుర్గాలని పేరు. సెలవు దినాలలో వాటిని వరుసగా ఎక్కి ముగించే యువకులు ఎందరో కలరు. ఇటువంటి పట్టిక మత్తిగిరి ప్రజల ముంగిటనే మరొకటి ఉన్నది. అది బారామహలు పన్నెండు కోటల పట్టిక.

ఇతర దేశాలలో

పట్టిక పెట్టుకొని స్థలాలను పూర్తిచేసే అలవాటు అన్ని దేశాలలోను కనిపిస్తుంది. అమెరికాలో డిస్క్ గోల్ఫ్ అనే ఆట ఉన్నది. ప్లాస్టిక్ పళ్లెం వంటి బిళ్లను విసిరి, గొలుసులు వ్రేలాడే బుట్టలో పడవేయాలి. తక్కువ విసుర్లతో ముగించినవారిది గెలుపు. 1975లో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో దీనికి మొదటి శాశ్వత మైదానాన్ని ఏర్పరచెను. ఈ ఆటగాళ్లలో కొందరికి గెలుపుకంటె, వీలైనన్ని వేరువేరు మైదానాలలో ఆడుటే ముఖ్యం. ఆడిన ప్రతి మైదానాన్ని వారు లెక్కలో చేర్చుకొంటారు.

స్కాట్లండులో 3000 అడుగులు మించిన శిఖరాల పట్టికను 1891లో హ్యూ మన్రో ప్రచురించెను. రాయలసీమ ప్రజలకు తెలిసిన థామస్ మన్రో ఈయన కాదు, వేరొకరు. నేటి లెక్క ప్రకారం ఆ శిఖరాలు 282. విశేషమేమంటే, పట్టిక వ్రాసిన మన్రోయే అన్నింటినీ ఎక్కి ముగించకుండ 1919లో మరణించెను.

పేరు వెనుక కథ

బారా అనగా పన్నెండు. మహలు అనే మాటకు భవనమని, పన్ను వసూలు చేసే విభాగమని రెండర్థాలు కలవు. నేటి కృష్ణగిరి, ధర్మపురి, తిరుపత్తూరు ప్రాంతాలలోని కొండల నడుమ నేలకు ఈ పేరు వచ్చినది. విజయనగర రాజులు పెనుకొండ నుండి పాలించిన కాలంలో, ఆ కోటను శత్రువుల ముట్టడి నుండి కాపాడిన జగదేవరాయలకు ఈ సీమను ఇచ్చిరని చెప్పుదురు. ఆయనకు పన్నెండుగురు కుమారులని, ఒక్కొక్కరికి ఒక్కొక్క కోటను పంచి ఇచ్చెనని జనశ్రుతి. అనంతరం ఈ వంశంవారు చెన్నపట్టణం నుండి ఏలిరి. పెనుకొండ నుండి చెన్నపట్టణం వరకు నడచిన ఈ కథలో తెలుగు, కన్నడ, తమిళ సీమలు మూడును కలిసియున్నవి.

1792 శ్రీరంగపట్టణం ఒడంబడికతో టిప్పు సుల్తాను బారామహలును ఆంగ్లేయులకు వదలుకొనెను. కర్నల్ అలెగ్జాండరు రీడ్ దీని పరిపాలకుడాయెను. ఆయన క్రింద 1799 వరకు పనిచేసిన సహాయకులలో ఒకరు థామస్ మన్రో. తరువాత దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చినది ఈయనే. రైతువారీ పద్ధతికి తొలి పాఠాలను ఆయన ఈ కోటల నీడలోని పల్లెలలోనే నేర్చుకొనెను.

పన్నెండు ఏవి?

సాధారణంగా చెప్పే పట్టిక ఇది: కృష్ణగిరి, జగదేవి, వారణగడ, కావలగడ, మహారాజగడ, భుజంగగడ, కటోరగడ, తిరుపత్తూరు, వాణియంబాడి, గగనగడ, సుదర్శనగడ, తట్టక్కల్.

వీటిలో కృష్ణగిరి, జగదేవి, మహారాజగడ, తట్టక్కల్ కృష్ణగిరి జిల్లాలోనివి. జగదేవి బర్గూరు ప్రక్కన, మహారాజగడ ఆంధ్ర సరిహద్దుకు చేరువలో ఉన్నవి. తిరుపత్తూరు, వాణియంబాడి 2019లో ఏర్పడిన తిరుపత్తూరు జిల్లాలోనివి.

మిగిలిన పేర్లతోనే చిక్కు. ఇవి కాగితంమీది పేర్లు. పల్లెలలో కొండను గుడిపేరుతోనో, రాతి ఆకారంతోనో, పశువులు మేపే మిట్టపేరుతోనో పిలుస్తారు. ఏ పేరు ఏ కొండదో పండితులు ఒక్కమాట చెప్పలేదు. కావున పుస్తకం చేతబట్టి వచ్చినవారికి పట్టిక పూర్తికాదు. మేకలు తోలుకొనిపోయే ముసలివారిని అడిగినవారికే పూర్తి అగును. ఈ అభిరుచిలో సరిహద్దు పల్లెల కుటుంబాలకు గల స్థానం ఇదే.

హోసూరు వైపు కోటలు

మత్తిగిరి, హోసూరు సీమ బారామహలులోనిది కాదు. ఇది కనుమలపైనున్న బాలాఘాటు. 1792 తరువాత కూడ ఇది మైసూరు రాజ్యంలోనే ఉండి, 1799లో టిప్పు మరణానంతరం ఆంగ్లేయులకు చేరినది. కనుక ఇక్కడి కోటలు పన్నెండింటిలో చేరవు. అయినను వీటికి వేరొక లెక్క కట్టవచ్చును. 1791 జూలైలో కారన్‌వాలిసు సేన హోసూరును పట్టుకొన్నది. అదే నెలలో మేజరు గౌడీ దండు రాయకోటను, రత్నగిరి, ఉదేదుర్గం మొదలైన కొండకోటలను వశపరచుకొన్నది. 1799 మార్చిలో జనరల్ హారిసు సేన శ్రీరంగపట్టణానికి దండు వెడలినది రాయకోట నుండియే.

మత్తిగిరి నుండి మొదలుపెట్టేవారికి రాయకోట అనుకూలం. కెలమంగలం మీదుగా రోడ్డు ఉన్నది. బెంగుళూరు–సేలం రైలుమార్గంలో రాయకోట స్టేషను కలదు. రెండవదిగా హోసూరుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోనున్న కృష్ణగిరి కోటను చూడవచ్చును. 1791 నవంబరులో కర్నల్ మాక్స్‌వెల్ దండు క్రింది కోటను పట్టుకొనియు, పైకోటను ఎక్కలేక వెనుదిరిగినది. ఆ కొండ నిటారుతనాన్ని చూచినవారికి కారణం వేరుగా చెప్పనక్కరలేదు.

లెక్కకు నియమాలు

రోడ్డునుండి చూచి వచ్చినచో లెక్కలో చేర్చరాదు. పైకోట ద్వారం దాటవలెను. ప్రతి కోటలోను మూడింటిని గుర్తించి వ్రాసుకొనుట మంచిది: ద్వారం ఏ దిక్కున ఉన్నది, నీరు ఎక్కడ నిలుచును, గోడ ఎక్కడ బండతో కలియును. కొండకోటకు ప్రాణం నీరు. వాననీరు నిలిచే దొనలు ఎన్ని ఉంటే దండు అన్ని దినాలు నిలువగలదు. గోడను కొండ చుట్టును కట్టక, నిటారు బండలున్నచోట బండనే గోడగా వదలి, సందులను మాత్రం మూసిరి. ఈ లెక్కవ్రాత పిల్లలకు చరిత్రపాఠముగాను, రేపు గోడ కూలినచో సాక్ష్యముగాను ఉపయోగించును.

రక్షణ, చట్టం

కృష్ణగిరి, రాయకోట దుర్గాలు భారత పురావస్తుశాఖ రక్షణలో ఉన్నవి. అటువంటి కట్టడాన్ని పాడుచేసినవారికి 1958 చట్టం, 2010 సవరణ ప్రకారం రెండేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. తక్కిన చిన్న కోటలలో చాలవాటికి కావలివాడు లేడు, బోర్డు లేదు. నిధి ఉన్నదన్న పుకారుతో ఇటువంటిచోట త్రవ్వేవారు గోడల పునాదులను పెకలించుదురు. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు మించిన విలువగల పాతర ఏది దొరికినను కలెక్టరుకు తెలుపవలెను. జిల్లాలో గ్రానైటు క్వారీలు అనేకం ఉన్నందున, ఏ కొండమీద కోట ఉన్నదో నలుగురికి తెలిసియుండుట అవసరం. పేరు మరచిన కొండకు అడ్డుచెప్పేవారుండరు.

2025 జూలైలో యునెస్కో మరాఠా కోటలను ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చినది. అవియు పన్నెండే. అందులో పదకొండు మహారాష్ట్రలోనివి, ఒకటి తమిళనాడులోని సెంజి కోట. ఆ గౌరవానికి ముందు ఆ కోటలను తరతరాలుగా ఎక్కి, పేర్లు మరువక చెప్పుకొన్న ప్రజలు ఉండిరి. బారామహలుకు కూడ మొదట కావలసినది అదే.

వెళ్లేవారికి సూచనలు

వానలు తగ్గిన తరువాత, ఎండలు ముదరకముందు, అనగా డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. తెల్లవారుజామున ఎక్కి, ఎండ ముదిరేలోపు దిగవలెను. దొనల నీరు త్రాగరాదు, వెంట నీరు తీసుకొనిపోవలెను. తేనెతుట్టెల క్రింద పొగపెట్టరాదు. తళి, దేన్‌కణికోట, అంచెట్టి అడవులలో ఏనుగులు తిరుగును. అక్కడి కొండలకు అటవీశాఖ అనుమతి లేకుండ పోరాదు. ఒంటరిగా ఎక్కక, ఊరివారినొకరిని తోడు పిలుచుకొనుట క్షేమం. దారి తెలిసినది వారికే, కొండ అసలు పేరు తెలిసినదియు వారికే.