పత్తి రైతు కొడుకు పెట్టిన కార్ఖానా

జగ్గయ్యపేట, నందిగామ వైపు నల్లరేగడిలో పత్తి వేసే మనవాళ్లకు ఈ సంగతి చెప్పాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. మనం మారుతీ అని పిలుచుకునే కారు వెనక ఉన్న సుజుకీ కంపెనీని పెట్టింది ఒక పత్తి రైతు కొడుకు. ఆయన పేరు మిచియో సుజుకీ, పుట్టింది 1887లో. జపాన్‌లో హమమత్సు పక్కనున్న పల్లె ఆయనది. ఇప్పుడా పల్లె ఊళ్లోనే కలిసిపోయింది. నేను ఉద్యోగానికని వచ్చి స్థిరపడింది కూడా ఈ హమమత్సులోనే. టోక్యోకీ ఒసాకాకీ దాదాపు నడిమధ్యన, పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఉంటుంది. చలికాలంలో ఇక్కడ వీచే పొడిగాలికి ఎదురుగా సైకిల్ తొక్కడం మహా కష్టం. ఈ గాలిని గుర్తుపెట్టుకోండి, కథలో దానికీ పాత్ర ఉంది.

ఈ ప్రాంతం పాతపేరు ఎన్‌షూ. ఇక్కడ తరతరాలుగా పత్తి పండేది, ఇళ్లల్లో ఆడవాళ్లు బట్ట నేసేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి ఒసాకాలో పెద్ద నూలు మిల్లులు లేచాయి. వాటికి చవకగా దూది కావలసి వచ్చింది. 1893లో నిప్పన్ యూసెన్ అనే ఓడల కంపెనీ మన టాటాలతో కలిసి బొంబాయికి ఓడలు నడపడం మొదలుపెట్టింది. ఆ ఓడల్లో జపాన్ చేరింది మన దేశపు దూదే. 1896లో జపాన్ ప్రభుత్వం దిగుమతి దూది మీద సుంకం ఎత్తేసింది. దాంతో జపాన్‌లో పత్తి సాగు అడుగంటిపోయింది. పత్తి కొనే సీసీఐ కేంద్రం ముందు ట్రాక్టర్లు బారులు తీర్చి, తేమ శాతం ఎంతంటారోనని గుండె చిక్కబట్టుకుని నిలబడే రైతులకు, ఓడలో వచ్చే దూది ఏం చేస్తుందో నేను వివరించక్కర్లేదు. మన రైతు దూది ఇక్కడి రైతును పొలం నుంచి తప్పించిందని మొదటిసారి చదివినప్పుడు మనసు అదోలా అయిపోయింది.

మిచియో పొలంలోకి దిగలేదు. 1901లో ఒక వడ్రంగి దగ్గర పనికి కుదిరాడు. ఏడేళ్ల ఒప్పందం. నడుమ రష్యాతో యుద్ధం వచ్చి ఇళ్ల కట్టుబడి పనులు తగ్గిపోతే, గురువు కాలితో తొక్కే మగ్గాల తయారీలోకి మారాడు. శిష్యుడికీ ఆ పని పట్టుబడింది. ఒప్పందం తీరాక, 1909లో, పట్టుపురుగులు పెంచే కొట్టం ఒకటి సర్దుకుని సొంతంగా మగ్గాలు చేయడం మొదలుపెట్టాడు. చేసిన మొదటి మగ్గం తల్లికిచ్చాడు. అప్పటిదాకా ఆమె వాడిన పాత మగ్గం మీద కంటే దాని మీద బట్ట ఎన్నో రెట్లు వేగంగా తెగిందని చెబుతారు. అది చూసి ఇరుగుపొరుగు ఆడవాళ్లు మాకూ కావాలన్నారు. అలా వ్యాపారం పుట్టింది.

సుజుకీ ప్రధాన కార్యాలయం ఎదురుగా కంపెనీ చరిత్ర చూపించే భవనం ఉంది. ముందుగా చెప్పి వెళ్తే టికెట్ లేకుండా చూడొచ్చు. అందులో మూడో అంతస్తులో మొదట కనబడేది కారు కాదు, కొయ్య మగ్గం. మన చేనేత ఊళ్లలో మగ్గం చూసినవాళ్లకు దాని సొగసు ఇట్టే తెలుస్తుంది. నిలువు చారలు పడుగులోనే పెట్టుకోవచ్చు. అడ్డచారలు, గళ్లు కావాలంటే మాత్రం పేక నూలు రంగు మారాలి. ఆ నూలును అటూ ఇటూ నడిపే నాడె ఒక్కటే ఉంటే రంగు మారినప్పుడల్లా మగ్గం ఆపి నాడె మార్చుకోవాలి. మిచియో రెండు నాడెలు పెట్టి, వాటి పెట్టె పైకీ కిందికీ కదిలేలా అమర్చాడు. నేసేవాళ్లు చేయి ఆపకుండానే గళ్ల బట్ట నేయవచ్చు. తరవాత ఇండోనేషియా వాళ్లు కట్టుకునే గళ్ల సారంగుల కోసం ప్రత్యేకంగా మగ్గాలు చేసి ఎగుమతి చేశాడు. సారంగు అంటే మన లుంగీ లాంటిదే. ఇంజినీరింగ్ కాలేజీ మొహం చూడని మనిషి, నేసేవాళ్ల చేతులు ఎక్కడ ఆగుతున్నాయో కనిపెట్టి అక్కడ చెక్క పెట్టాడు. సుజుకీ గురించి నాకు తెలిసినవాటిలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

మగ్గానికి ఒక చిక్కుంది. బాగా చేస్తే ఏళ్ల తరబడి చెడిపోదు, కొన్నవాడు మళ్లీ రాడు. అందుకే 1930ల చివర్లో మిచియో చూపు కార్ల మీద పడింది. ఇంగ్లండు ఆస్టిన్ సెవెన్ కారును తెప్పించి, విప్పి చూసి, చిన్న కారు నమూనాలు తయారు చేయించాడు. ఇంతలో యుద్ధం. సొంత కార్లు అవసరం లేని సరుకని ప్రభుత్వం తేల్చేసింది. 1944 డిసెంబరులో పెద్ద భూకంపం వచ్చింది. 1945లో విమానాల బాంబులు పడ్డాయి, జూలై చివర సముద్రం మీద నుంచి యుద్ధనౌకలు కూడా ఈ ఊరిని కొట్టాయి. యుద్ధం ముగిశాక కంపెనీ చేతికందిన పనల్లా చేసి నిలదొక్కుకుంది. మళ్లీ మగ్గాలు కదులుతున్నాయనగా 1951లో నూలు బజారు కూలింది.

అప్పుడు కంపెనీని నిలబెట్టింది అల్లుడు షున్‌జో. జపాన్‌లోనూ ఇల్లరికం ఉంది. వ్యాపారం ఉన్న ఇళ్లలో సమర్థుడైన అల్లుణ్ణి తెచ్చుకుని ఇంటిపేరు మార్పించి పెత్తనం అప్పగించడం ఇక్కడ గౌరవమైన ఆచారం. మిచియో తరవాత చాలాకాలం సుజుకీ అల్లుళ్ల చేతుల మీదుగానే నడిచింది. ఈ షున్‌జోకి చేపలు పట్టడం సరదా. ఒకరోజు వలా గాలం సర్దుకుని ఎదురుగాలిలో సైకిల్ తొక్కుతూ ఇంటికొస్తుంటే, దీనికో ఇంజను ఉంటే బాగుండు కదా అనిపించిందట. 1952లో పవర్ ఫ్రీ వచ్చింది. సైకిల్‌కి బిగించే 36 సీసీ ఇంజను అది. పెడల్ తొక్కుతూ ఇంజను సాయం తీసుకోవచ్చు, ఇంజను ఆపి ఉత్త సైకిల్‌లా తొక్కవచ్చు, పెడల్ వదిలేసి ఇంజను మీదే పోవచ్చు. 1954లో కంపెనీ పేరులో మోటారు చేరింది. 1955 అక్టోబరులో మొదటి కారు సుజులైట్ వచ్చింది, 360 సీసీది. మొదట్లో నెలకు లెక్కపెట్టుకునేన్ని మాత్రమే తయారయ్యేవి.

ఆ 360 సీసీ లెక్క వెనక జపాన్ ప్రభుత్వ నిర్ణయం ఉంది. యుద్ధంలో చితికిపోయిన జనానికి కారు అందాలంటే అది చిన్నదిగా ఉండాలని, ఒక కొలత గీసి, ఆ కొలతలో ఇమిడితే పన్ను తగ్గిస్తామంది. ఆ తరగతినే కేయ్ అంటారు. ఇంజను హద్దు 1976లో 550, 1990లో 660 సీసీ అయింది. ఇప్పుడు పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు దాటకూడదు. పసుపుపచ్చ నంబరు ప్లేటు ఉంటుంది. ఏటా కట్టే పన్ను మామూలు చిన్న కారుకి కట్టేదానిలో సగం కూడా ఉండదు. టోక్యో నడిబొడ్డున ఇవి తక్కువ కనిపిస్తాయి గాని, పల్లెల్లోకి వస్తే ఇంటింటా ఇవే. వరిమడి గట్టు పక్కన తెల్లటి సుజుకీ క్యారీ ట్రక్కు, అందులో నారు ట్రేలు, పక్కన డెబ్బై దాటిన రైతు. జపాన్ పల్లె అంటే నా కళ్లకు కట్టేది ఈ దృశ్యమే.

ఇక్కడే మన ఊళ్ల లెక్కకీ ఈ దేశపు లెక్కకీ తేడా వస్తుంది. నేను కారు కొన్నానని ఫోన్ చేస్తే మా చిన్నాన్న "అంత దేశం పోయి మళ్లీ మారుతీయేనట్రా నువ్వు కొన్నది?" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. 1980ల్లో జగ్గయ్యపేటలో మారుతీ 800 అంటే డాక్టరుగారిదో, పత్తి వ్యాపారం చేసే షావుకారుదో. జపాన్‌లో అదే కంపెనీ కారు మందుల కొట్టుకెళ్లే ముసలమ్మది, పొలం పోయే రైతుది. ఒకే బండి అక్కడ హోదా, ఇక్కడ అవసరం. చిన్నాన్నకి ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను గాని, నా ఉద్దేశంలో సుజుకీకి అసలు గౌరవం తెచ్చిపెట్టింది ఈ రెండోదే. హోదా కోసం కొనేవాడికి కారు అమ్మడం పెద్ద విద్య కాదు. జేబు చూసుకుని కొనేవాడికి, పదేళ్లు వాడినా మొహం చిట్లించుకోని కారు ఇవ్వడమే విద్య.

ఆ విద్యలో ఆరితేరినవాడు ఒసాము సుజుకీ. గిఫు కొండల్లోని గెరో ఊరివాడు, బ్యాంకు ఉద్యోగి. షున్‌జో కూతురిని చేసుకుని 1958లో కంపెనీలో చేరాడు. ఈయనా ఇల్లరికమే. 1978లో అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడు మే నెలలో ఆల్టో వదిలాడు, ధర 4,70,000 యెన్లు. అప్పట్లో సొంతానికి వాడే కార్ల మీద వస్తువుల పన్ను ఉండేది, సరుకు బండికి లేదు. ఆయన ముందూ వెనకా ఆలోచించి, మనిషి వాడుకునే కారునే సరుకు బండి తరగతిలో పెట్టించాడు. రోజూ తిరిగే కార్లలో ఉండేది ఒకరో ఇద్దరో కదా, వెనక సీటు అంత వెడల్పు ఎందుకన్నాడు. అక్కర్లేనిదల్లా తీసేశాడు. దేశమంతటా ఒకే ధర పెట్టాడు. ఆల్టోతో జపాన్ గృహిణులు పెద్ద సంఖ్యలో డ్రైవింగ్ సీట్లోకి వచ్చారు. ఏసీ ఖర్చు తగ్గుతుందని ఫ్యాక్టరీ సీలింగులు కిందికి దింపించిన మనిషి ఆయన. వయసు మీదపడినా విమానంలో ఎకానమీ క్లాసులోనే తిరిగాడు.

ఇక మన మారుతీ కథ అందరికీ కొంత తెలిసిందే. సంజయ్ గాంధీ 1971లో పెట్టిన మారుతీ సొంతంగా కారు తీయలేక మూలపడితే, ఆయన పోయాక ప్రభుత్వం దాన్ని తీసుకుని 1981లో మారుతీ ఉద్యోగ్ చేసింది. విదేశీ భాగస్వామి కోసం చూస్తుంటే పెద్ద కంపెనీలు అంతగా ఆసక్తి చూపలేదు. ఒసాము తనే కూర్చుని మనవాళ్లతో మాట్లాడాడు. కంపెనీ ఒక ఏడాది సంపాదన అంతటినీ ఇండియాలో పెట్టడానికి కంపెనీవాళ్లను ఒప్పించాడు. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట మొదటి స్థానంలో ఉండాలన్న కోరికే తనను నడిపించిందని తరవాత చెప్పుకున్నాడు. 1982 అక్టోబరు 2న ఒప్పందం, సుజుకీ వాటా 26 శాతం. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలు అందించారు. అంతకుముందే పదివేలు కట్టి లక్షమందికి పైగా బుక్ చేసుకున్నారు.

కారు కంటే పెద్ద మార్పు మారుతీ గుర్గావ్ (ఇప్పటి గురుగ్రామ్) ఫ్యాక్టరీ లోపల జరిగింది. మేనేజరూ కార్మికుడూ ఒకే రంగు బట్టలు వేసుకోవాలి, గదులు లేని ఒకే హాల్లో కూర్చోవాలి, ఒకే క్యాంటీన్ వరసలో పళ్లెం పట్టుకుని నిలబడాలి. మొదట్లో మన ఆఫీసర్లు ముఖం చాటేశారు. ఒసాము పట్టు వదలలేదు. ఎవరి పక్కన ఎవరు తింటారన్నది ఇంత పట్టింపుగా ఉన్న దేశంలో ఆ క్యాంటీన్ వరసను నేను చిన్న విషయంగా చూడలేను.

అదే రోజుల్లో మన పల్లెల్లోకి సుజుకీ ఇంకో దారిన వచ్చింది. 1984లో టీవీఎస్ వాళ్లతో కలిసి ఇండ్ సుజుకీ బైకు, ఆ తరవాత సమురాయ్, మ్యాక్స్ 100. అటూ ఇటూ పాలక్యాన్లు కట్టుకుని తెల్లవారుజామున నందిగామ చేరే మ్యాక్స్ 100 చప్పుడు ఆ తరానికి బాగా తెలుసు. పాత తొమ్మిదో నంబరు హైవే నాలుగు వరసలై, కీసర, చిల్లకల్లు దగ్గర టోల్ గేట్లు వచ్చేనాటికి రోడ్డు మీద స్విఫ్టులు, వ్యాగనార్లు బారులు తీరాయి. ఇప్పటికీ కొత్త కారు కొంటే ముందు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దగ్గరికో, వేదాద్రి నరసింహస్వామి దగ్గరికో పోయి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. జపాన్‌లోనూ కొత్త కారుని గుడికి తీసుకెళ్తారు. పూజారి తెల్లకాగితాల కుచ్చు కట్టిన కర్ర ఊపి దిష్టి తీసినట్టు శుద్ధి చేస్తాడు.

మచ్చలు లేవా అంటే ఉన్నాయి, దాచకూడదు. 2012 జూలైలో మానేసర్ ఫ్యాక్టరీలో గొడవ జరిగి ఒక అధికారి ప్రాణం పోయింది, వందల మంది కార్మికుల బతుకులు చెల్లాచెదురయ్యాయి. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800ని, స్విఫ్ట్‌ని గుద్దించి చూసి సున్నా చుక్కలిచ్చారు. అక్కర్లేనిది తీసేయడం విద్యే, కాని ప్రాణం కాపాడేదాన్ని అక్కర్లేనిదానిలో కలపకూడదు. ఈ మాట సుజుకీని అభిమానించేవాళ్లే గట్టిగా అనాలి. పదేళ్ల తరవాత 2024లో కొత్త డిజైర్ అదే పరీక్షలో ఐదు చుక్కలు తెచ్చుకుంది. అంటే చేతకాక కాదు, కొనేవాళ్లం అడగనన్నాళ్లూ ఇవ్వలేదు. జపాన్‌లోనూ 2016లో మైలేజీ పరీక్షలు నిబంధనల ప్రకారం చేయలేదని బయటపడి, ఒసాము సీఈఓ పదవి వదులుకున్నాడు. 2019లో తనిఖీల్లో అక్రమాలు తేలి దాదాపు 20 లక్షల కార్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. నాణ్యతే పేరుగా బతికే దేశంలో అది పెద్ద తలవంపు.

ఒసాము 2024 డిసెంబరు 25న, తొంభై నాలుగేళ్ల వయసులో పోయాడు. మరుసటి నెలలో మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇప్పుడు సుజుకీ అమ్మే కార్లలో సగానికి పైగా మన దేశంలోనే అమ్ముడవుతున్నాయి. హైదరాబాద్ ఐఐటీలో 2022లో సుజుకీ పరిశోధన కేంద్రం తెరిచింది. ఇక్కడి ప్రధాన కార్యాలయానికి వచ్చే మన ఇంజినీర్ల కోసం 2024 నుంచి క్యాంటీన్లో శాకాహారం వండుతున్నారు. ముల్లంగి సాంబారుని ప్యాకెట్లలో పెట్టి బజారులో కూడా అమ్ముతున్నారు. కార్లూ ఎదురు దారి పట్టాయి. 2016లో బలెనో, 2024లో ఫ్రాంక్స్ మన దేశంలో తయారై ఇక్కడికొచ్చాయి. 2025 జనవరి 30న ఐదు తలుపుల జిమ్నీని నోమాడ్ పేరుతో ప్రకటిస్తే, వారం తిరక్కుండానే దాదాపు 50,000 ఆర్డర్లు వచ్చిపడి బుకింగులు ఆపేశారు. అది తయారయ్యేది గురుగ్రామ్‌లో. నాతో పనిచేసే ఇద్దరు ముగ్గురు అది బుక్ చేసుకున్నారు. ఇండియాలో చేసింది కదా, బాగుంటుందా అని వాళ్లలో ఎవరూ నన్ను అడగలేదు. ఎప్పుడొస్తుందో కనుక్కోగలవా అనే అడుగుతున్నారు.