బట్టమేక పిట్ట: నంద్యాల జిల్లా గడ్డి నేలల్లో కనుమరుగవుతున్న అరుదైన పక్షి

శ్రీశైలం అనగానే నల్లమల అడవి, పెద్దపులి గుర్తొస్తాయి. అదే నంద్యాల జిల్లాలో పెద్ద చెట్లు లేని మరో అభయారణ్యం ఉంది. అదే రోళ్లపాడు. చూస్తే బీడు భూమి అనుకుంటాం. కానీ ఇక్కడి బట్టమేక పిట్ట పరిస్థితి పులి కంటే దారుణం.

ఎక్కడుంది?
నందికొట్కూరు సమీపంలో, మిడుతూరు మండలంలో ఉంది. ఈ పిట్ట కోసమే 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం కేవలం 6.14 చదరపు కిలోమీటర్లు.

ఎలా ఉంటుంది?
దాదాపు మీటరు ఎత్తు. మగపక్షి 15 కిలోల వరకు తూగుతుంది. మిడతలు, పురుగులు, తొండలు, గింజలు, చిన్న ఎలుకలు దీని ఆహారం. గూడు కట్టదు. నేల మీదే, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. అది కుక్కల పాలైనా, పశువులు తొక్కినా ఆ పిల్ల దక్కనట్టే.

ఎందుకు తగ్గిపోయింది?
మొదట వేట దెబ్బతీసింది. తర్వాత గడ్డి నేలలు పొలాలయ్యాయి. ఈ పిట్ట అభయారణ్యం కంచె దాటి చుట్టుపక్కల మెట్ట చేలల్లోనూ తిరుగుతుంది. అలగనూరు రిజర్వాయర్ వచ్చాక ఆ భూముల తీరు మారింది. కరెంటు తీగలు మరో గండం. కళ్లు తలకు పక్కలకు ఉండటంతో ఎదురుగా ఉన్న తీగ సరిగా కనబడదు. కనబడినా అంత బరువుతో చటుక్కున పక్కకు తప్పుకోలేదు.

రైతుల గోడు
రక్షణ దొరకడంతో ఇక్కడ కృష్ణజింకలు పెరిగాయి. అవి చేలల్లో పడి మేస్తుంటే నష్టపోయేది రైతే. దాంతో అభయారణ్యం అంటేనే విసుగు పుట్టింది. నిజానికి బట్టమేక పంటను తినే పురుగులనే ఏరుకు తింటుంది. రైతు మనసు గెలవకుండా పిట్టను కాపాడటం కష్టం.

ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?
1969లో దేశంలో సుమారు 1,260 ఉన్నాయని అంచనా. ఇటీవలి అంచనాల్లో ఆ సంఖ్య 150 దగ్గరకు పడిపోయింది. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. రోళ్లపాడులో కనిపించడమే గగనమైంది. 2011లో దీన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చారు. మన వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లోనూ ఉంది.

ఆశ ఉందా?
2019 నుంచి జైసల్మేర్ జిల్లాలో గుడ్లు సేకరించి పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు. కానీ పెరిగిన పక్షుల్ని వదలాలంటే గడ్డి నేల ఉండాలి కదా! బీడు అని మనం పక్కన పెట్టే భూమే దానికి ఇల్లు.